లెక్క అడగడం ద్రోహం కాదప్పా

పోస్టు పొడుగైంది. తీరిక చేసుకొని చివరిదాకా చదవండి. ఆ తర్వాత తిట్టాలనిపిస్తే కామెంట్లో తిట్టండి, జవాబు చెప్తాం.

"కాగ్ రిపోర్టు" అని ఎవరైనా ఒక ముక్క పెడితే మన గ్రూపుల్లో వచ్చే జవాబులు మూడే మూడు. ఒకటి: "అది ఢిల్లీ యవ్వారం, మన పాతపాళ్యకూ దానికీ ఏమి సంబంధం?" రెండు: "అందరూ తినేవాళ్ళే, ఆడిటర్ రాసినంత మాత్రాన ఏమవుతుంది?" మూడోది గ్రూపులో పెట్టరు, ఫోన్ చేసి అంటారు: "ఊరుకోండప్పా, గట్టిగా తవ్వితే మనోడి పేరే బయటికొస్తుంది." ఈ మూడింటికీ ఈ రోజు జవాబు చెప్పదలుచుకున్నాం. ముఖ్యంగా మూడోదానికి.

మా మాట ముందే చెప్పేస్తున్నాం. సర్కారు లెక్కను సరిచూసే వ్యవస్థ నీరసపడితే మొదట దెబ్బ తినేది బెంగళూరు కాదు, ఢిల్లీ కాదు. మనలాంటి అంచు తాలూకాలే. పెద్ద ఊర్లో రోడ్డు పాడైతే టీవీలో వస్తుంది. మన ఊర్లో చెరువు పని కాగితం మీదే జరిగిపోతే ఏ టీవీ వాడూ రాడు. కన్నడ పేపరుకు మనం తెలుగోళ్ళం, తెలుగు పేపరుకు మనం కర్ణాటకోళ్ళం. అట్లాంటి మనకు ఆడిట్ రిపోర్టు అనేది సర్కారే తన చేత్తో రాసుకున్న సాక్ష్యం. దాన్ని వదులుకుంటే మన చేతిలో ఇంకేమీ ఉండదు.

ముందు కాగ్ అంటే ఎవరో చూద్దాం. కంప్ట్రోలర్ అండ్ ఆడిటర్ జనరల్. రాజ్యాంగంలో 148 నుంచి 151 దాకా అధికరణాలు ఆయన గురించే. ఆయన ఏ మంత్రికీ కింద పనిచేయడు. రాష్ట్రపతి నియమిస్తారు. ఆరేళ్ళు లేదా 65 ఏళ్ళ వయసు, ఏది ముందైతే అంతవరకు. తీసెయ్యాలంటే సుప్రీంకోర్టు జడ్జిని తీసినంత పని చెయ్యాలి. పదవి దిగాక కేంద్రంలో గానీ రాష్ట్రంలో గానీ ఇంకో సర్కారు ఉద్యోగం పట్టకూడదు. రేపు పదవి ఇస్తామని ఆశ పెట్టి ఈ రోజు కలం ఆపకూడదని ఈ ఏర్పాటు. 1949 మే 30న రాజ్యాంగ సభలో అంబేద్కర్ గారు ఈ అధికారి గురించి మాట్లాడుతూ, రాజ్యాంగంలో బహుశా అందరికన్నా ముఖ్యమైన అధికారి ఈయనే అన్న అర్థంలో చెప్పారు. ఈయన పని న్యాయవ్యవస్థ పనికన్నా కూడా ముఖ్యమని ఆయన అభిప్రాయం. ప్రజాప్రతినిధులు ఒప్పుకున్న ఖర్చుకు మించి, లేదా ఇంకో పనికి, డబ్బు వాడకుండా కాపలా కాసేది ఈయనే కాబట్టి.

స్వతంత్ర భారతంలో మొదటి కాగ్ వి. నరహరి రావు గారు. 2024 నవంబరులో ఆ కుర్చీలో కూర్చున్న కె. సంజయ్ మూర్తి గారివి అమలాపురం మూలాలు. ఆ రోజు మన గ్రూపుల్లో చాలామంది "మన తెలుగాయన" అని పూలు, చప్పట్లు పెట్టారు. సంతోషమే. కానీ ఆ చప్పట్లు కొట్టినవాళ్ళలో ఆయన ఆఫీసు రాసే రిపోర్టు ఒక్కటైనా తెరిచి చూసినవాళ్ళు ఎంతమంది? మనిషి మనవాడని మురిసిపోయి, మనిషి చేసే పనిని చూడకపోతే ఆ మురిపెం దేనికి?

ఇప్పుడు మొదటి జవాబుకు వద్దాం. ఢిల్లీ యవ్వారమా ఇది?

మన తాలూకాకు రాష్ట్రంలో ఉన్న పేరు ఒకటి ఫ్లోరైడ్ నీళ్ళు. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటితే తాగడానికి పనికిరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పింది. బోరు ఎంత లోతుకు పోతే మనకు ఆ బాధ అంత ఎక్కువ. పల్లెలకు మంచినీళ్ళు ఇవ్వడానికి కేంద్రం జాతీయ గ్రామీణ తాగునీటి పథకం అని ఒకటి నడిపింది. 2012 నుంచి 2017 వరకు దాని మీద అయిన ఖర్చు 81,168 కోట్ల రూపాయలు. కాగ్ దాన్ని తనిఖీ చేసి 2018లో రిపోర్టు పెట్టింది. 2017 ఆఖరుకు పల్లెల్లో 35 శాతం ఇళ్ళకు కొళాయి ఇస్తామని పెట్టుకున్న లక్ష్యం, ఇచ్చింది సుమారు 17 శాతానికి. డబ్బు ఖర్చయింది, నీళ్ళు రాలేదు. ఈ ముక్క ఏ ప్రతిపక్ష నాయకుడో మైకులో అరిస్తే "రాజకీయం" అని కొట్టిపారేయొచ్చు. సర్కారు ఫైళ్ళు తిరగేసి, సర్కారు అంకెలే పెట్టి రాస్తే కొట్టిపారేయడం అంత తేలిక కాదు. ఆడిట్ విలువ అక్కడుంది.

2023 ఆగస్టులో ఆయుష్మాన్ భారత్ మీద రిపోర్టు వచ్చింది. 7,49,820 మంది లబ్ధిదారుల పేర్లకు ఒకే ఒక్క ఫోన్ నంబరు కట్టి ఉంది: 9999999999. మన అవ్వను ఆస్పత్రికి తీసుకుపోతే కార్డులో అక్షరం తప్పుందని తిప్పి పంపుతారు. అక్కడ ఏడున్నర లక్షల మందికి పది తొమ్మిదులు కొట్టి ఊరుకున్నారు. ఈ తేడాను బయటపెట్టింది ఏ పార్టీ కాదు, ఆడిటర్లే.

ఇంకా దగ్గరికి రండి. ఎత్తినహొళె. 2014 మార్చిలో మన జిల్లా ముద్దేనహళ్లిలోనే శంకుస్థాపన చేశారు. కోలారు, చిక్కబళ్ళాపురం లాంటి ఏడు జిల్లాలకు నీళ్ళన్నారు. 2012లో అంచనా 8,323 కోట్లు. 2014లో 12,912 కోట్లు. ఆ తర్వాత సవరించిన అంచనా 23,251 కోట్లు. మొదటి దశ ప్రారంభం 2024 సెప్టెంబరు 6న, అదీ సకలేశపురం వైపు. తీసుకునే నీళ్ళు 24.01 టిఎంసీలని సర్కారు లెక్క. ఆ వాగుల్లో దొరికేది 9.55 టిఎంసీలేనని బెంగళూరు ఐఐఎస్సీ శాస్త్రవేత్తలు కట్టిన లెక్క. మేము ఇంజనీర్లం కాదు. ఎవరి లెక్క సరైనదో తీర్పు చెప్పం. కానీ ఇంత దూరం ఉన్న రెండు లెక్కల మధ్య నిలబడి, కాగితాలు తెప్పించి, అడగాల్సినవాడు ఒకడుండాలి. మనం అడిగితే "మీకేం తెలుసు" అంటారు. ఆయన అడిగితే జవాబు రాతలో ఇవ్వాలి.

హెబ్బాళ-నాగవార వ్యాలీ పథకం సంగతి కూడా అంతే. రోజుకు 210 మిలియన్ లీటర్ల శుద్ధి చేసిన బెంగళూరు మురుగునీళ్ళు మన జిల్లా చెరువులకు, చుట్టుపక్కల చెరువులకు అన్నారు. రెండు దశల శుద్ధి చాలదు, మూడో దశ కావాలని జిల్లా రైతులు ఏళ్ళుగా అడుగుతూనే ఉన్నారు. ఎన్ని లీటర్లు వచ్చాయి, ఏ నాణ్యతతో వచ్చాయి, ఎంత ఖర్చయింది అనే మూడు ప్రశ్నలు కలిపి అడిగేదాన్ని పనితీరు ఆడిట్ అంటారు. కాగ్ పని వోచర్లు కూడటం వరకే కదా అని కొందరు వాదించి కోర్టుకు కూడా పోయారు. కాగ్ అంటే మునీమ్ కాదు అని 2012లో సుప్రీంకోర్టు తేల్చి చెప్పింది. ఖర్చు చట్టప్రకారం అయిందా అని ఒక్కటే కాదు, తెలివిగా అయిందా, ఫలితం వచ్చిందా అని కూడా అడిగే హక్కు ఆయనకుంది.

2025 జులై 2న నంది కొండ మీద జరిగిన మంత్రివర్గ సమావేశం బాగేపల్లి పేరును భాగ్యనగర అని మార్చడానికి ఒప్పుకుంది. పేరు బాగుంది. బోర్డు మార్చినంత తేలిగ్గా బోరులోని ఫ్లోరైడ్ మారదు. భాగ్యం రావాలంటే డబ్బు ఎక్కడికి పోయిందో తెలియాలి.

ఇప్పుడు ఒక చేదు సంగతి. కర్ణాటక మహర్షి వాల్మీకి పరిశిష్ట పంగడాల అభివృద్ధి నిగమ. మన తాలూకాలో ఊరూరా వాల్మీకి నాయక కుటుంబాలున్నాయి. గంగా కల్యాణలో బోరు కోసం, చిన్న అప్పు కోసం ఆ నిగమకు అర్జీలు పెట్టుకొని ఎదురుచూసేవాళ్ళు వాళ్ళు. 2024 మే 26న ఆ నిగమలో పనిచేసే ఒక అకౌంట్స్ సూపరింటెండెంట్ శివమొగ్గలో ఆత్మహత్య చేసుకున్నాడు. ఆయన రాసిపెట్టిన చీటీతో విషయం బయటపడింది. నిగమ డబ్బు 187 కోట్లు ఒక బ్యాంకు ఖాతాకు మార్చారని, అక్కడి నుంచి ఎక్కడెక్కడికో పోయిందని ఆరోపణ. 187 కాదు, పోయింది 89.63 కోట్లు అని ముఖ్యమంత్రి శాసనసభలో చెప్పారు. మంత్రి రాజీనామా చేశారు. డబ్బు చేరిన ఖాతాల్లో చాలా హైదరాబాదువని దర్యాప్తు సంస్థలు చెప్పాయి. ఎవరు దోషి అన్నది కోర్టు తేలుస్తుంది, మేము తేల్చం.

మేము అడిగేది ఒకటే. 89 కోట్లే అనుకుందాం. క్యాష్‌బుక్కునూ బ్యాంకు స్టేట్‌మెంటునూ నెలనెలా పక్కపక్కన పెట్టి సరిచూసే మామూలు పని ఎవరైనా చేసి ఉంటే అంత డబ్బు కదిలేదా? ఒక మనిషి చచ్చిపోయి చెప్పాల్సి వచ్చింది. ఆడిట్ అంటే ఢిల్లీ యవ్వారం అనే అన్నలు ఈ ముక్క దగ్గర కాసేపు ఆగండి. లెక్క సరిచూసే పని ఆగిపోతే ఆ బరువు చివరికి ఒక చిన్న ఉద్యోగి మెడకు చుట్టుకుంటుంది. బోరు రాని కుటుంబం గడప దగ్గర ఆగుతుంది.

రెండో జవాబు: "రాసినంత మాత్రాన ఏమవుతుంది?"

ఈ మాటలో సగం నిజముంది, ఒప్పుకోవాల్సిందే. కాగ్ రాయగలడు, రాబట్టలేడు. కేంద్రం మీద రిపోర్టు రాష్ట్రపతికి, రాష్ట్రం మీద రిపోర్టు గవర్నరుకు ఇస్తాడు. వాళ్ళు చట్టసభ ముందు పెట్టించాలి. అక్కడి నుంచి ప్రజా పద్దుల కమిటీకి పోతుంది. ఆ కమిటీ అధికారుల్ని పిలిచి అడుగుతుంది. పార్లమెంటులో 1967 నుంచి ఆ కమిటీకి ప్రతిపక్ష సభ్యుణ్ణి అధ్యక్షుడిగా పెట్టడం ఆనవాయితీ. కాగితం మీద గొలుసు బాగానే ఉంది. గొలుసులో ఏ కొక్కెం తెగినా మొత్తం పడిపోతుంది.

ఎక్కడ తెగుతుందో చూడండి. రిపోర్టును సభ ముందు ఎన్ని రోజుల్లో పెట్టాలో రాజ్యాంగం గడువు రాయలేదు. ఆ సందులో ఢిల్లీలో 14 రిపోర్టులు సభకు రాకుండా ఉండిపోయాయి. హైకోర్టు మందలించింది. 2025 ఫిబ్రవరిలో సర్కారు మారాకే అవి ఒక్కొక్కటిగా బయటికొచ్చాయి. ఆ పార్టీ తప్పని మాత్రమే అనుకొని సంబరపడకండి. కేంద్ర శాఖల మీద పార్లమెంటుకు వచ్చిన కాగ్ రిపోర్టులు 2015లో 55, 2020లో 14 అని సమాచార హక్కు కింద ఒక ఇంగ్లీషు పత్రిక రాబట్టింది. రంగు ఏదైనా సరే, కుర్చీ ఎక్కినవాడికి ఆడిట్ చేదే. ప్రతిపక్షంలో ఉన్నప్పుడు కాగ్ రిపోర్టును తల మీద పెట్టుకొని ఊరేగుతారు. కుర్చీ ఎక్కగానే బీరువాలో పెట్టి తాళం వేస్తారు.

ఇంకో దేశం చూద్దాం. దక్షిణాఫ్రికాలో 2018లో ఆడిట్ చట్టాన్ని సవరించారు. ఆడిటర్ జనరల్ చెప్పినా సరిదిద్దుకోకుండా సర్కారుకు నష్టం తెచ్చిన అధికారి దగ్గర ఆ సొమ్ము సొంతంగా రాబట్టడానికి ఉత్తర్వు ఇచ్చే అధికారం అక్కడి ఆడిటరుకు వచ్చింది. మన దగ్గర అది లేదు. కాబట్టి "ఏమవుతుంది?" అని పెదవి విరిచేవాళ్ళు నిజంగా కోపమున్నవాళ్ళయితే అడగాల్సింది ఇది: సభలో పెట్టడానికి గడువు రాయండి, రాబట్టే అధికారం ఇవ్వండి, కాగ్‌ను ఎంపిక చేసే పని ఒక్క ప్రభుత్వం చేతిలోనే కాకుండా ప్రతిపక్షం కూడా కూర్చునే కమిటీకి ఇవ్వండి అని. కుక్కకు పళ్ళు లేవని కుక్కనే తరిమేస్తే దొంగకు పండగ.

కొందరు చదువుకున్నవాళ్ళు 2జీ సంగతి తెస్తారు. "2010లో 1.76 లక్షల కోట్ల నష్టమన్నారు, 2017 డిసెంబరులో కోర్టు అందరినీ వదిలేసింది, మరి కాగ్ అబద్ధమాడినట్టే కదా?" ఇది తీసిపారేసే వాదన కాదు. ఆ అంకెను ఎట్లా లెక్కకట్టారన్న దాని మీద అప్పుడూ గొడవ ఉంది, ఆ గొడవ న్యాయమే. కానీ రెండు ప్రశ్నలను ఒకటి చేయకండి. ఫలానా మనిషి లంచం తిన్నాడా అన్నది క్రిమినల్ కోర్టు ప్రశ్న. దానికి సాక్ష్యం కావాలి. లైసెన్సులు ఇచ్చిన పద్ధతి సరైనదా అన్నది ఆడిటర్ ప్రశ్న. ఆ పద్ధతి తప్పని 2012 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టే 122 లైసెన్సులు కొట్టేసింది. దొంగ దొరకలేదంటే తలుపు వేసే ఉందని అర్థం కాదు.

ఆడిట్ భయంతో అధికారులు సంతకాలు పెట్టరు, పనులు ఆగిపోతాయి అని ఇంకో వాదన. మన పంచాయితీ పిడిఓలు కూడా ఈ మాట అంటారు. వాళ్ళ బాధలో నిజముంది. ఒక చిన్న వోచరులో తేదీ తప్పు పడిందని ఏళ్ళ తరబడి ఆక్షేపణ మోసే ఉద్యోగులున్నారు, పెద్ద టెండరు మాత్రం జాగ్రత్తగా దారం కట్టిన ఫైలులో దర్జాగా పాసవుతుంది. దానికి మందు ఆడిట్ తగ్గించడం కాదు. ఆడిటర్ ఆఫీసు గదిలో ఫైలు మాత్రమే చూడకుండా చెరువు గట్టు మీదికి రావడం. ఎంబీ పుస్తకంలో రాసిన కొలతను టేపు పెట్టి కొలవడం. మస్టరులో ఉన్న పేరు గల మనిషిని పిలిచి "కూలి ముట్టిందా అమ్మా?" అని అడగడం.

అది జరిగే పని కాదనుకుంటున్నారా? సరిహద్దు దాటి మన ఆడపిల్లల్ని ఇచ్చిన అనంతపురం వైపు చూడండి. 2006 ఫిబ్రవరి 2న ఉపాధి హామీ పథకాన్ని ప్రధాని మన్మోహన్ సింగ్ గారు ఆ జిల్లా బండ్లపల్లిలోనే మొదలుపెట్టారు. ఆ ఏడే అక్కడ సోషల్ ఆడిట్ పెద్ద ఎత్తున నడిచింది. కూలి కుటుంబాల పిల్లలకే మస్టరు చదవడం నేర్పించి, ఇంటింటికీ పంపించి, ఆ తర్వాత మండలంలో అందరి ముందు చదివించారు. 2009లో దానికోసం ప్రత్యేకంగా ఒక సొసైటీయే పెట్టారు. దొరికినంత తిరిగి వసూలు కాలేదు, అది నిజమే. కానీ తన పేరు మీద ఎంత డ్రా అయిందో ఒక కూలి మనిషికి నలుగురి ముందు వినబడటం చిన్న సంగతి కాదు. దానికి ముందు 1994లో రాజస్థాన్‌లోని కోట్ కిరానా అనే పల్లెలో ఇట్లాంటి జన సునవాయి జరిగింది. సమాచార హక్కు చట్టం పోరాటానికి అదొక వేరు. ఉపాధి చట్టంలో సెక్షన్ 17 సోషల్ ఆడిట్ హక్కును గ్రామసభకు ఇచ్చింది. 2011లో దాని నిబంధనలు రాసేటప్పుడు కేంద్రం కాగ్‌ను సంప్రదించింది. అంటే ఢిల్లీ ఆడిటరు, పల్లె గ్రామసభ ఒకే తాడుకు రెండు కొసలు.

మన రాష్ట్రంలో ఆ తాడు ఎట్లా కట్టి ఉందో కూడా తెలుసుకుందాం. జిల్లా పంచాయితీ, తాలూకా పంచాయితీ లెక్కలు కాగ్ చూస్తాడు. గ్రామ పంచాయితీ లెక్కలు రాష్ట్ర లెక్కల తనిఖీ శాఖ చూస్తుంది, వాళ్ళకు సాంకేతికంగా దారి చూపేది కాగ్. 2016లో ఎన్నికైన జిల్లా, తాలూకా పంచాయితీల గడువు 2021లో ముగిసింది. ఆ తర్వాత ఎన్నికలు లేకుండా ఏళ్ళ తరబడి అధికారులే నడిపారు. ఓటు వేసి అడగడానికి సభ్యుడే లేని చోట, అడిగేవాడు ఆడిటర్ ఒక్కడే మిగులుతాడు. ఆ ఒక్కడి రాతను కూడా చదవమంటే ఎట్లా?

ఇంకొకటి. ప్రతి ఏడూ ఆగస్టు 16 నుంచి సెప్టెంబరు 15 లోపల ప్రతి గ్రామ పంచాయితీలో జమాబందీ జరగాలి. అధికారి వస్తాడు, రికార్డులు తెరుస్తాడు, పనులు చూస్తాడు, ఊరివాళ్ళు అడగొచ్చు. ఎంత గొప్ప ఏర్పాటు! కానీ ఎన్ని ఊర్లలో అది నలుగురు కుర్చీల్లో కూర్చొని టీ తాగి సంతకాలు పెట్టి లేచిపోయే తంతుగా మారిందో మీకు తెలుసు. 15వ ఆర్థిక సంఘం గ్రాంటు రావాలంటే ఆడిట్ అయిన లెక్కలు ఆన్‌లైన్లో పెట్టాలని షరతు పెట్టారు. అంటే ఆ లెక్కలు ఈ రోజు మీ చేతిలోని ఫోనులో చూడొచ్చు. సినిమా ట్రైలరుకు పెట్టే రెండు నిమిషాలు దీనికి పెట్టండి.

ఇప్పుడు మూడో జవాబు. "మనోడు."

పైవాటికంటే ఇదే పెద్ద రోగం అని మా నమ్మకం. పంచాయితీ అధ్యక్షుడు మనోడు. కాంట్రాక్టరు మన బామ్మర్ది. ఇంజనీరు మన ఊరి అల్లుడు. సంఘం భవనానికి ఆయనే చందా ఇచ్చాడు, జాతరకు ఆయనే పందిరి వేయించాడు. ఆయన్ను లెక్క అడిగితే సంఘానికే ద్రోహమట. ఎదుటి వర్గం నవ్వుతుందట.

ఆలోచించండి. చందా ఇచ్చిన పదివేలు కనబడతాయి. రావాల్సిన రోడ్డు రాకపోతే అది కనబడదు. మనోడు మనకు పందిరి వేసినందుకు మన ఊరి స్కూలు గోడ బీటలు వారినా నోరు మూసుకోవాలంటే, ఆ పందిరి చాలా ఖరీదైన పందిరి. పోయిన డబ్బు ఎవరిది? ఎదుటి వర్గానిదా? మన వితంతు పింఛను, మన హాస్టలు పిల్లల అన్నం, మన గంగా కల్యాణ బోరు. మనోడు తిన్నా బయటోడు తిన్నా ఖాళీ అయ్యే గిన్నె మనదే.

ఇంకో మాట. నిజాయితీగా పనిచేసే మనోళ్ళు కూడా ఉన్నారు. లెక్క అడగని చోట వాళ్ళకూ దొంగకూ తేడా తెలియదు. "అందరూ తినేవాళ్ళే" అనే మాటతో మనం దొంగను కాపాడుతున్నాం, మంచివాడిని అవమానిస్తున్నాం. ఆడిట్‌లో మచ్చలేని రిపోర్టు వస్తే అది నిజాయితీపరుడికి దండ వేసినట్టు. ఆక్షేపణ వస్తే అది శిక్ష కాదు, సంజాయిషీ చెప్పుకునే అవకాశం. రెండింటిలోనూ భయపడాల్సింది తిన్నవాడే.

మన సంఘంలో ఏడాది సభ రోజు జమా ఖర్చు పైకి చదువుతాం, రసీదు పుస్తకం బల్ల మీద పెడతాం. వంద రూపాయలు ఇచ్చిన ముసలాయన లేచి "ఆ షామియానాకు అంతయిందా?" అని అడుగుతాడు. ఎవరూ ఆయన్ను ద్రోహి అనరు. మన చందా మీద ఉన్న ఆ హక్కు మన పన్ను మీద ఎందుకు లేదు? అగ్గిపెట్టె కొన్నా, ఎరువు బస్తా కొన్నా, సెల్లు రీచార్జి చేయించినా పన్ను కడుతున్నాం కదా.

అందుకని సంఘం ముందు మేము పెడుతున్న కోరికలు ఇవి. ఒకటి, రాబోయే జమాబందీకి ప్రతి ఊరి నుంచి కనీసం పదిమంది, అందులో సగం ఆడవాళ్ళు, కూర్చోవాలి. జీన్స్ వేసుకున్న కుర్రాళ్ళు ఫోటోలకు కాదు, పనుల పట్టిక పట్టుకొని రావాలి. రెండు, కాగ్ రిపోర్టులు కన్నడలో, ఇంగ్లీషులో ఉంటాయి. మన పెద్దవాళ్ళకు ఆ కన్నడ గట్టిగా ఉంటుంది. చదువుకున్న పిల్లలు మన జిల్లాకు సంబంధించిన భాగాన్ని రెండు పేజీల తెలుగులో రాసి గుడి దగ్గర, పాల డెయిరీ దగ్గర చదివి వినిపించాలి. మూడు, అనుమానమున్న పని మీద సమాచార హక్కు అర్జీ పెట్టాలి. పది రూపాయల ఫీజు, 150 మాటల లోపు, ఒకే విషయం. ముప్పై రోజుల్లో జవాబు రావాలి. ఒక్కడే పెడితే బెదిరిస్తారు, సంఘం నుంచి ఇరవైమంది పెడితే కుర్చీ వేస్తారు. నాలుగు, ఓటు అడగడానికి వచ్చే ఏ పార్టీ నాయకుడినైనా ఒకే ప్రశ్న అడగాలి: "కాగ్ రిపోర్టును ఎన్ని రోజుల్లో సభలో పెడతారు? మన జిల్లా పేరా మీద ఏం చర్య తీసుకున్నారు?"

దేనికీ గొడవ అక్కర్లేదు, ధర్నా అక్కర్లేదు. చేతిలో కాగితం, నోట్లో మర్యాద ఉంటే చాలు. "అన్నా, మీ మీద కోపం లేదు, లెక్క ఒకసారి చూపించండి" అంటే సరిపోతుంది. చూపించేవాడు నిజంగా మనోడు. చూపించనివాడికి ఇంటిపేరు మనదే కావచ్చు, యాస మనదే కావచ్చు, మన పెళ్ళిళ్ళలో ముందు వరసలో కూర్చోవచ్చు. అయినా వాడి తరపున నోరు మూసుకోవాల్సిన అప్పు మనకు లేదు.

ఒప్పుకున్నవాళ్ళు మీ ఊరి పేరు, జమాబందీకి వచ్చేవాళ్ళ సంఖ్య కామెంట్లో రాయండి. ఒప్పుకోనివాళ్ళు ఎందుకో రాయండి. ఫోన్ చేసి గుసగుసగా మాత్రం చెప్పకండి. నలుగురిలో చెప్పుకోలేని మాట మీద సంఘం నడవదు, సర్కారూ నడవకూడదు.